చేపల తొట్టి మూతలో ఏ లైటు పెట్టాలి?

పోయిన సంచికలో ఫిల్టర్ల గురించి రెండు పేజీలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో ఫిల్టరు ఊసే లేదు, అందరూ లైటు గురించే అడిగారు. సరే, ఈసారి చోటంతా దీపాలకే. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది. మిగతా పదిమంది అడిగినవి కూడా దాదాపు అందులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని కుదించలేదు.

మాకు మూడడుగుల తొట్టి ఉంది. పొడవు 36, వెడల్పు 15, ఎత్తు 18 అంగుళాలు. ఇంట్లో అల్మారాలు చేయించగా మిగిలిన ప్లైవుడ్‌తో ఏడంగుళాల ఎత్తున పెట్టెలాంటి మూత చేయించాను. గప్పీలు, మోలీలు, ఒక జత ఏంజెల్స్ ఉన్నాయి. వాలిస్నేరియా, జావా ఫెర్న్ నాటాను. అక్వేరియం షాపులో లైటు 2,800 అన్నారు. నాకు అంతా కలిపి వెయ్యి రూపాయల్లో తేలాలి. మామూలు ఇంటి లైటు పెడితే చేపలకు ఏమైనా అవుతుందా? ఎన్ని వాట్లు కావాలి? మా ఆవిడ మాత్రం షాక్ కొడుతుందని ఒకటే గొడవ.
ఓ తెలుగు మాస్టారు, రాజాం

మాస్టారూ, మీ ఆవిడగారి భయం నూటికి నూరుపాళ్లు సరైనదే. దాన్ని కొట్టిపారేయకండి, కాసేపట్లో అక్కడికే వస్తాను.

ముందు ఈ లైటు ఎవరి కోసమో తేల్చుకుందాం. చేపలకైతే లైటు అక్కర్లేదు. గదిలోకి వచ్చే వెలుతురుతో పగలేదో రాత్రేదో తెలిస్తే వాటికి చాలు. లైటు కావలసింది సాయంత్రం కుర్చీ వేసుకుని చూసే మనకి, తర్వాత మొక్కలకి. చూడ్డానికి మాత్రమే అయితే ఒక 9 వాట్ల బల్బు పెట్టి ఈ జవాబు ఇక్కడితో ఆపేయొచ్చు. మొక్కలున్నాయి కాబట్టి కాస్త లెక్క వేయాలి. అయితే మీరు వేసిన రెండూ పెద్దగా వెలుతురు అడగనివే. ఆ ఎంపిక తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, మీకు చాలా డబ్బు మిగిలింది.

మామూలు లైటు పెడితే చేపలకు ఏమీ కాదు. అక్వేరియం లైటు అని పెట్టె మీద రాసి అమ్మేదాంట్లోనూ, ఎలక్ట్రికల్ షాపులో దొరికే, ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ బ్యాటెన్‌లోనూ తెల్ల వెలుగు పుట్టే పద్ధతి ఒకటే. నీలం వెలుగిచ్చే చిన్న చిప్పు, దాని మీద పసుపు పూత, రెండూ కలిసి మన కంటికి తెలుపు. (ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అంత గొప్ప వస్తువు ఇవాళ కిలో ఉల్లిపాయల పక్కన పెట్టి అమ్ముతున్నారు.) అక్వేరియం లైటులో అదనంగా ఉండేది తడికి తట్టుకునే ఒళ్లు, తొట్టి అంచుల మీద నిలబడే కాళ్లు, కొన్నింట్లో నాలుగు ఎర్ర చిప్పులు, నాలుగు నీలం చిప్పులు. మీకు మూత ఉంది కాబట్టి కాళ్లు అక్కర్లేదు. తడి సంగతి మనం వేరే దారిలో చూసుకుందాం.

ఇప్పుడు లెక్క. చాలామంది వాట్లు అడుగుతారు, మీరూ అదే అడిగారు. వాట్లంటే అది తాగే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. వెలుగు కొలత ల్యూమెన్. అది పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు తీసుకెళ్లండి. ఓ మోస్తరు మంచి ఎల్‌ఈడీ ఒక్కో వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. మీ తొట్టిలో అడుగున రెండంగుళాల ఇసుక, పైన రెండంగుళాల ఖాళీ తీసేస్తే ఉండే నీళ్లు దగ్గర దగ్గర 125 లీటర్లు. జావా ఫెర్న్, అనూబియాస్, వాలిస్నేరియా లాంటి ఓపిక గల మొక్కలకు లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు ఉంటే గడిచిపోతుంది. ఇది శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చెప్పే కొలత కాదు, తొట్లు పెట్టుకునేవాళ్లు అనుభవం మీద వాడే అంచనా. ఆ లెక్కన మీకు 1,250 నుంచి 2,500 మధ్య కావాలి. రెండడుగుల 10 వాట్ల బ్యాటెన్లు రెండు పెడితే 2,000. దాదాపు నడిమధ్య.

నాలుగడుగుల బ్యాటెన్ ఒక్కటి కొంటే చవక కదా అంటారు, చవకే, కానీ మీ మూతలో పట్టదు. మూడడుగులది మన వైపు షాపుల్లో అడిగితే ఓసారి ఉంటుంది, నాలుగుసార్లు ఉండదు. అందుకని నేను చేసేది చెబుతాను. రెండడుగుల బ్యాటెన్లు రెండింటినీ ఒకే గీత మీద కాకుండా, ఒకటి మూతలో ముందు వైపు ఎడమ మూలకు ఆనించి, రెండోది వెనక వైపు కుడి మూలకు ఆనించి బిగించండి. మధ్యలో ఒక అడుగు మేర రెండూ పక్కపక్కన వస్తాయి, అక్కడ వెలుగు రెట్టింపు. వెలుతురు ఎక్కువ కోరే మొక్క ఏదైనా తర్వాత తెచ్చుకుంటే ఆ మధ్య అడుగులో నాటండి. జావా ఫెర్న్‌ను రాయికి కట్టి చివర్లకు తోసేయండి, అది అలగదు. ముందు లైటు వల్ల ఇంకో లాభం కూడా ఉంది, చేపల ఒంటి పక్క మీద, అంటే మనకు కనబడే వైపు వెలుగు పడుతుంది. లైటు వెనక మాత్రమే ఉంటే ఏంజెల్ ఎంత అందమైనదైనా నల్లటి నీడలాగే కనిపిస్తుంది.

కొనేటప్పుడు 6500కె అని ఉన్నది అడగండి, షాపులో కూల్ డేలైట్ అంటారు, లేదా ఉత్త "వైట్" అంటారు. 3000కె అంటే పసుపు వెలుగు. మొక్కలు దాంట్లోనూ బతుకుతాయి గానీ తొట్టిలో నీళ్లు రెండోసారి మరగబెట్టిన టీలా కనబడతాయి. నేను మొన్న విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర 180 చొప్పున రెండు కొన్నాను. దీపాలు కొనడానికి అంతకంటే మంచి పేరున్న జంక్షన్ మన రెండు జిల్లాల్లో లేదు.

ఇక ఏవి వద్దో చెబుతాను, ఇందులో నా సొంత డబ్బు పోయిన కథలున్నాయి.

చుట్టలా వచ్చే ఎల్‌ఈడీ స్ట్రిప్ చూడగానే అందరికీ మనసు లాగుతుంది. అయిదు మీటర్లు, 12 వోల్టులు, షాక్ భయం లేదు, కత్తెరతో కోసుకోవచ్చు. నేనూ పడ్డాను. వాటర్‌ప్రూఫ్ అని ఒట్టేసి అమ్మారు. పైనున్న మెత్తటి పూత ఆరు నెలలు తిరక్కుండా పాత ఆవకాయ నూనె రంగుకు తిరిగింది, వెలుగు సగమైంది, చివరి అర మీటరు ఆరిపోయింది, జిగురు వదిలేసి ఓ రోజు పొద్దున చూస్తే స్ట్రిప్ నీళ్ల మీద తోరణంలా వేలాడుతోంది. దానికితోడు 12 వోల్టుల సప్లై డబ్బా వేరే కొనాలి, దాని రేటు స్ట్రిప్ కంటే ఎక్కువ. అల్యూమినియం పట్టీ మీద అతికించి, చివర్లు సరిగ్గా మూసి, సప్లైని తొట్టికి దూరంగా పెట్టి జాగ్రత్తగా చేసుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకి బాగానే నడుస్తోంది. మొదటిసారి చేసేవాళ్లకు మాత్రం నేను చెప్పను.

షాపు బోర్డుల మీద వెలిగే ఫ్లడ్ లైటు ఇంకో చవక దారి. ఐపీ65 అని రాసి ఉన్నది వాన జల్లుకు తట్టుకుంటుంది, 20 వాట్లది అయిదారు వందల్లోపు వస్తుంది. మూత లేని తొట్టికి అడుగు ఎత్తున వేలాడదీస్తే బ్రహ్మాండం, అలల నీడలు ఇసుక మీద అచ్చం ఏటి అడుగున కదిలినట్టు కదులుతాయి, బ్యాటెన్‌తో ఆ అందం రాదు. కానీ మీ ఏడంగుళాల మూతలో పెడితే మధ్యలో కళ్లు జిగేల్, రెండు చివర్లా చీకటి. ఇంట్లో మూలన పడున్న పాత ట్యూబ్‌లైటు, చోకు, స్టార్టరు తీసి వాడదామనుకుంటే వద్దు, ట్యూబులో పాదరసం ఉంటుంది, నీళ్ల మీద పగిలితే చేపలకే కాదు మీకూ మంచిది కాదు. సీఎఫ్‌ఎల్ కూడా అంతే.

సీఎఫ్‌ఎల్ అంటే గుర్తొచ్చింది, అదే మీ ఆవిడగారి భయం సంగతి. చాలా ఏళ్ల కిందట మా మొదటి తొట్టికి చెక్క మూతలో రెండు హోల్డర్లు బిగించి సీఎఫ్‌ఎల్‌లు పెట్టాను. కింద గాజు పలక లేదు. నాలుగు నెలలకు ఓ సాయంత్రం మేత వేద్దామని తడి చేత్తో మూత ఎత్తాను, మోచేతి దాకా జివ్వుమంది. చేప ఒక్కటీ చావలేదు, నేను మాత్రం కుర్చీలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాను. మెయిన్ ఆపి హోల్డరు విప్పి చూస్తే ఇత్తడి పిన్నులకు చిలకపచ్చ తుప్పు, పింగాణీ మీద నీటి చుక్కలు వరసగా, ఇడ్లీ పాత్ర మూత తీస్తే లోపలి వైపు ఉంటాయే, అచ్చం అలా. తొట్టి నీళ్లు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటాయి, ఆ ఆవిరికి పోయే దారి లేకపోతే లైటు మీదే కూర్చుంటుంది. నీళ్లు చిందడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే ఇది కంటికి కనబడదు.

కాబట్టి లైటులో మిగిల్చిన డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి. నీటికి, లైటుకు మధ్య 4 మిల్లీమీటర్ల గాజు పలక ఉండి తీరాలి. గ్లాసు షాపులో రెండు ముక్కలుగా కోయించుకోండి, అంచులు రాయి మీద నూరి ఇమ్మనండి, ఫిల్టరు పైపు పట్టేలా ఒక మూల కొంచెం కత్తిరించమనండి. ఒకే పలక చేయిస్తే మేత వేసిన ప్రతిసారీ మొత్తం ఎత్తాలి, నెలకోసారి పగలగొడతారు. వారానికోసారి ఆ గాజును తుడవాలి, దాని మీద పేరుకునే తెల్లటి ఉప్పు పొర వెలుగును బాగా తినేస్తుంది. బోరు నీళ్లు వాడితే ఇంకా ఎక్కువ, గుడ్డకు కాస్త నిమ్మరసం రాసి తుడిస్తే పోతుంది.

బ్యాటెన్ రెండు చివర్లా మూత ముక్కలు ఉంటాయి, వైరు బయటికొచ్చే చిల్లు ఉంటుంది. అక్కడ సిలికాన్ పెట్టి మూసేయండి. కానీ తొట్టి గాజులు అతికించే సిలికాన్ వద్దు, వెనిగర్ వాసన కొడుతుందే, అది. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, రాగిని, టంకాన్ని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్నది తీసుకోండి. తొట్టికి మంచిది లైటుకు చెడ్డది, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

వైరు మూతలోంచి బయటికొచ్చి నేరుగా ప్లగ్గుకు వెళ్లకూడదు. ప్లగ్గు కంటే కిందికి ఒక ఉయ్యాల వంపు తిరిగి మళ్లీ పైకి ఎక్కాలి. వైరు వెంబడి జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. దీనికి పైసా ఖర్చు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును తొట్టి స్టాండు కింద నేల మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగుతుంది, గోడకు మేకు కొట్టి పైకి తగిలించండి. చెయ్యి నీళ్లలో పెట్టే ముందు లైటు, హీటరు, మోటారు అన్నీ ఆపండి. ఇంకోటి, మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందేమో మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. కరెంటు దారి తప్పి మనిషిలోంచి భూమికి పోతుంటే అది రెప్పపాటులో కొట్టేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు, అది వైరును కాపాడేది, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ ఖరీదు ఈ లైటు ఖర్చంతటి కంటే ఎక్కువే, అందుకని దాన్ని మీ వెయ్యి రూపాయల్లో కలపడం లేదు, అది మొత్తం ఇంటి లెక్క.

ప్లైవుడ్ మిగిలిందన్నారు. అల్మారాకు వాడింది మామూలు ప్లై అయితే ఆవిరికి పొరలు పొరలుగా విప్పుకుంటుంది. మెరైన్ ప్లై అయితే, అంటే దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటే, ఫరవాలేదు. ఏదైనా సరే లోపల అంతా, ముఖ్యంగా కోసిన అంచులకి, తెల్ల ఎనామిల్ రెండు కోట్లు కొట్టండి. తెలుపు వెలుగును కిందికి తిప్పి కొడుతుంది కూడా. అల్యూమినియం ఫాయిల్ అతికిస్తే ఇంకా మెరుస్తుందని ఎవరో చెబుతారు, కరెంటు వైర్ల పక్కన రేకు అతికించడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి. పెయింటు వాసన పూర్తిగా పోయేదాకా, వారమో పది రోజులో, మూత తొట్టి మీద పెట్టకండి. వెనక పలకకి నాలుగైదు చిల్లులు, ఒక్కోటి రూపాయి బిళ్లంత, వేయించండి. ఎల్‌ఈడీ వేడెక్కదని అంటారు గానీ లోపలి డ్రైవరు, అంటే ఇంటి కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే ముక్క, వేడెక్కుతుంది, మన మే నెలలో మూసిన పెట్టెలో పెడితే ముందు పోయేది అదే.

మొత్తం చూద్దాం. బ్యాటెన్లు 360, గాజు 200, చిన్న పెయింటు డబ్బా 100, టైమరు 350. వెయ్యి పది. పది రూపాయలు దాటించినందుకు క్షమించాలి, సిలికాన్ ఇంట్లో ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. టైమరు ఎందుకంటారా, లైటు ఎక్కువసేపు వెలిగితే తొట్టికి పాచి పడుతుంది; ఆర్పడం మనిషి మర్చిపోతాడు, పాచి మర్చిపోదు. మొదటి నెల ఆరు గంటలే వెలిగించండి, తర్వాత ఏడు, ఎనిమిది. స్కూలు నుంచి మీరొచ్చేసరికి నాలుగింటికి వెలిగి రాత్రి పదింటికి ఆరిపోయేలా పెట్టుకుంటే చూసుకునే వేళకి వెలుగుంటుంది. 20 వాట్లు రోజుకు ఎనిమిది గంటలు వెలిగినా నెలకు అయిదు యూనిట్లు కూడా కాదు.

మా తొట్టిలో రాత్రంతా నీలం లైటు వేస్తాం. పిల్లలకి అది ఉంటేనే నిద్ర. మా అత్తగారు "పాపం వాటికి నిద్ర ఉండదా" అంటున్నారు. నిజమేనా?
ఓ గృహిణి, శ్రీకాకుళం

మీ అత్తగారిదే గెలుపమ్మా. చేపలకు రెప్పలుండవు, కళ్లు మూసుకోలేవు, చీకటి పడితేనే వాటికి విశ్రాంతి. రాత్రి మీరు టార్చి వేసి చూస్తే అడుగున ఓ మూల రెక్కలు కూడా సరిగా ఆడించకుండా, రంగు కాస్త వెలిసిపోయి నిలబడి ఉంటాయి, అదే వాటి నిద్ర. ఊళ్లో డే అండ్ నైట్ జంక్షన్ ఉందని ఇంట్లో కూడా పెట్టేస్తే ఎలా? పిల్లల కోసం గోడకు సున్నా వాట్ బల్బు వేయండి, తొట్టికి దూరంగా. ఇంకో మాట, పొద్దున్నే చీకటి గదిలో ఒక్కసారిగా తొట్టి లైటు వేయకండి, చేపలు బెదిరి గాజుకు కొట్టుకుంటాయి. ముందు గది లైటు, పది నిమిషాలాగి తొట్టి లైటు.

మీరు చెప్పినట్టే లైటు ఆరు గంటలకు తగ్గించాను. అయినా కార్తీకం దాటిందంటే చాలు గాజు మీద ఆకుపచ్చ పాచి పట్టేస్తుంది, సంక్రాంతికి చేపలు కనబడవు. ఎండాకాలంలో ఏమీ లేదు. లైటు మార్చమంటారా?
రిటైర్డ్ ఉద్యోగి, అరసవల్లి

అయ్యా, మీరుండే ఊరు అరసవల్లి కాబట్టి ఈ జవాబు మీకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి, పొద్దుటి కిరణాలు వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాల మీద పడతాయి కదా. మిగతా రోజుల్లో ఎందుకు పడవు? సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు కాబట్టి. మీ ఇంట్లోనూ అదే జరుగుతోందని నా అనుమానం. మీ తొట్టి ఎదురుగానో పక్కనో దక్షిణపు కిటికీ ఉందా? చూడండి. శ్రీకాకుళం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు, దక్షిణపు కిటికీలోకి ఎండ చుక్క రాదు. డిసెంబరులో నడిమధ్యాహ్నం కూడా 48 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు, ఎండ ఏటవాలుగా గదిలోకి దూరి తొట్టి మీద పడుతుంది.

ఆ ఎండ ముందు మన లైటు ఎంత? నడి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత). పైన రాజాం మాస్టారికి చెప్పిన రెండు బ్యాటెన్లూ కలిపి నీటి మీద ఇచ్చేది మహా అయితే అయిదున్నర వేలు. కిటికీ అద్దం, ఏటవాలు అన్నీ పోను అరగంట ఎండ పడినా మీ లైటు గంటల తరబడి ఇచ్చే వెలుగుకు సమానం. మీరు స్విచ్చి దగ్గర పొదుపు చేస్తున్నారు, కిటికీ దగ్గర దుబారా అవుతోంది. లైటు మార్చొద్దు, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి, లేదా తొట్టి ఆ వైపు గాజుకు బయటి నుంచి నల్ల చార్టు అతికించండి. కార్తీకం పోయేలోపే చేయాలి, పాచి పట్టాక కాదు. ఇప్పటికే పట్టిందంటే మూడు రోజులు తొట్టికి పూర్తిగా దుప్పటి కప్పి, లైటు ఆపి, తర్వాత పాత ఏటీఎం కార్డుతో గీకి మూడో వంతు నీళ్లు మార్చండి. చేపలకు ఆ మూడు రోజులు ఏమీ కాదు, గాలి మోటారు మాత్రం ఆపొద్దు.

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, ఉన్న చేపలన్నీ పోయాయి. ఇప్పుడు మళ్లీ తొట్టి పెట్టాం. కొత్త లైటును ఇన్వర్టర్ మీద వేసుకుంటే సరిపోతుందా?
పలాస నుంచి ఓ జీడిపప్పు వ్యాపారి

అవి చీకటికి చావలేదండీ, గాలి లేక చచ్చాయి. లైటు వారం లేకపోయినా చేపలు బతుకుతాయి, మొక్కలు కాస్త పాలిపోయినా తేరుకుంటాయి. గాలి మోటారు ఆగితేనే కొంప మునిగేది, అదీ వేడి నీళ్లలో ఇంకా తొందరగా. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, మన తొట్టి నీళ్లు ఉండే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అంటే మనకి మొదటి నుంచే జేబులో తక్కువ డబ్బు. ఇన్వర్టర్ మీద గాలి మోటారు ఒక్కటే పెట్టండి, అది తాగేది అయిదు వాట్లలోపే. లైటు తీసేయండి. ఇన్వర్టర్ కూడా ఒకటి రెండు రోజులకు మించి రాదు కాబట్టి టార్చి సెల్లులతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి ముందే కొని పెట్టుకోండి, సెల్లులు అక్టోబరులో కొత్తవి మార్చండి, మన తుపాన్ల నెల అదే కదా. అదీ లేదంటే చెంబుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి, పిల్లలకి ఆ డ్యూటీ వేయొచ్చు. మూత తీసేయండి. మేత పూర్తిగా ఆపేయండి, జాలిపడి వేసే గుప్పెడు మేతే కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను లాగేస్తుంది.

మా దగ్గర బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో తెచ్చిన పాత పనస పలక ఒకటి ఉంది, వీణకు పనికిరాదన్నారు. తొట్టి మూత చేయించుకుందామంటే మా వడ్రంగి తాత "ఏటి బాబూ, సేపలకి సరస్వతమ్మ కర్రా?" అని నవ్వుతున్నాడు. చేయించొచ్చా?
డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

చేయించుకో తమ్ముడూ, కానీ తాత మాట పూర్తిగా తీసేయకు. పనస మంచి కర్రే, పురుగు అంత తేలిగ్గా పట్టదు. వీణకు పనికొచ్చే కర్ర ఏళ్ల తరబడి పొడిగా ఉంటుంది, నీ మూత మాత్రం కింద నుంచి ఆవిరి, పైన ఫ్యాను గాలి, ఓ వైపు ఉబ్బి ఓ వైపు ఎండి వంకర తిరుగుతుంది. ఇంకోటి, పనస చేవలో పసుపు రంగుంటుంది, పూర్వం దాంతో బట్టలకు అద్దకం వేసేవారు. పచ్చి కర్ర మీద ఆవిరి చుక్కలు చేరి నీళ్లలో పడితే ఆ రంగు కొద్దికొద్దిగా దిగుతుంది, ఎంత తెల్ల లైటు పెట్టినా నీళ్లు పసుపే.

అందుకని మొత్తం మూత దాంతో చేయించకు. ఎదురుగా కనబడే ముందు పలక ఒక్కటి పనస పెట్టు, దాని వెనక వైపు, అంచులు తెల్ల ఎనామిల్‌తో మూసేయ్, బయటి వైపు పాలిష్ చాలు. మిగతా మూడు వైపులా, పైకప్పు పీవీసీ ఫోమ్ బోర్డు, అది తడికి చెక్కుచెదరదు, బరువూ ఉండదు, మేత వేసేటప్పుడు ఒంటిచేత్తో ఎత్తొచ్చు. లైటు పైకప్పుకే బిగించు, పనస పలకకు స్క్రూ కొట్టొద్దు. అయ్యాక ఓ ఫొటో పంపు. లైటు వేసి కాదు, ఆర్పి తియ్యి, నాకు ఆ కర్ర చూడాలని ఉంది.